ఢిల్లీలో జెండా, ఇండియా గేట్ ఫొటోలు: ఏ వేళ, ఎటు నుంచి?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో ఢిల్లీ వెళ్తున్నాం. మా బంధువులు తెచ్చిన ఫొటోల్లో ఇండియా గేట్ నల్లగానూ, జెండా ముడుచుకుపోయిన గుడ్డలాగానూ ఉన్నాయి. మా దగ్గర ఫోను, చిన్న కెమెరా ఉన్నాయి. ఎలా తీయాలి? తీసిన జెండా ఫొటో మీద మా అబ్బాయి పేరుతో శుభాకాంక్షలు రాయించి, జనవరి 26కి ఫ్లెక్సీ వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మీ బంధువులు ఫొటో తీసిన వేళ సరైనది కాకపోయి ఉండాలి. రాష్ట్రపతి భవన్ పడమట రైసినా గుట్ట మీద, ఇండియా గేట్ తూర్పు కొసన ఉన్నాయి. రెంటినీ కలిపే కర్తవ్య పథ్ తూర్పు పడమరలుగా సాగుతుంది. కాబట్టి ఉదయం ఆ దారిలో నిలబడి ఇండియా గేట్ వైపు చూస్తే సూర్యుడు దాని వెనుక ఉంటాడు, 42 మీటర్ల తోరణం మొత్తం నీడలోకి పోతుంది. అదే చోటు నుంచి మధ్యాహ్నం మూడు దాటాక తీయండి. ఏటవాలు ఎండ పడమటి ముఖం మీద పడి, రాతిపై చెక్కిన సైనికుల పేర్లు కూడా తేటగా కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఎందరో వెళ్లారు కనుక, గోదావరి జిల్లాల వారు జూమ్ చేసి ఆ పేర్లకు ప్రత్యేకంగా ఒక ఫొటో కేటాయించాలని నా కోరిక.

ఎర్రకోట లాహోరీ గేటుది కూడా పడమటి ముఖమే, దానికీ సాయంత్రమే మంచిది. సోమవారం కోటకు సెలవు. విజయ్ చౌక్ నుంచి రాష్ట్రపతి భవన్ తీయడానికి ఉదయపు ఎండ కావాలి గానీ, జనవరిలో పొగమంచు తరచుగా ఆలస్యంగా విడుతుంది. పైగా కవాతు సన్నాహాల వల్ల ఆ దారులను అప్పుడప్పుడు మూసివేస్తారు. స్టాండు వాడాలంటే పురావస్తు శాఖ కట్టడాల్లో ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఇక జెండా. కనాట్ ప్లేస్ సెంట్రల్ పార్కులో 207 అడుగుల స్తంభం మీద ఎగిరే జెండా చాలా పెద్దది, బరువైనది. చిరుగాలికి అది విచ్చుకోదు. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ దిశకు పక్కగా నిలబడితే గుడ్డ మీ ముందు అడ్డంగా పరుచుకుంటుంది. గాలికి ఎదురుగానో, గాలివాలుకో నిలబడితే అంచు మాత్రమే కనిపిస్తుంది. కెమెరాలో షట్టర్ వేగాన్ని సెకనులో 500వ వంతుకు పెట్టుకుని, వరుసగా ఫొటోలు తీస్తూ ఉండి, అశోక చక్రం మడతపడకుండా నిండుగా వచ్చిన ఒక్కదాన్ని ఉంచుకోండి. మిట్టమధ్యాహ్నం తెల్లపట్టీ వెలిసిపోయి, 24 ఆకులూ కలిసిపోతాయి. ఫోనులో ఆ తెలుపు మీద వేలు ఆనించి వెలుగును కొద్దిగా తగ్గిస్తే నీలిరంగు నిలుస్తుంది. బయలుదేరేలోపు మీ క్షీరారామం గోపురాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒకే చోటు నుంచి తీసి పోల్చి చూడండి. ఎండ ఏ వైపు నుంచి పడాలో పిల్లలకు కూడా వెంటనే బోధపడుతుంది.

ఫ్లెక్సీ గురించి మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971 ప్రకారం జాతీయ పతాకం అంటే గుడ్డ జెండా ఒక్కటే కాదు. దాని చిత్రం, ఫొటో కూడా పతాకమే. పతాకం మీద ఏ విధమైన రాతలు రాసినా ఆ చట్టం దానిని అవమానంగా పరిగణిస్తుంది. అందువల్ల అబ్బాయి పేరు గానీ, శుభాకాంక్షలు గానీ మూడు రంగుల మీద పడకూడదు. ఫొటోను విడిగా ఉంచి, దాని కింద వేరే పట్టీలో రాయించండి. పండుగ మర్నాడే ఫ్లెక్సీని దింపించండి; చినిగి పంటకాలువలో పడే దాకా కట్టి ఉంచితే అందులో ఉన్న జెండా కూడా ఆ నీళ్ల పాలవుతుంది.