మాస్టారూ, ఇంకా ఎగరలేదట!

పోయిన సంచికలో బెలూన్ టెలిస్కోపుల గురించి, అంటే పెద్ద బెలూన్‌కి కట్టి ఆకాశంలో చాలా పైకి పంపే టెలిస్కోపుల గురించి, నాలుగు మాటలు రాస్తే చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో మూడింటికి ఈసారి జవాబు.

మాస్టారూ, మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. మీరు రాసిన పనికే నవంబరులో వాళ్ళ టీంతో అంటార్కిటికా వెళ్ళాడు. డిసెంబరు మొదట్లోనే అంతా రెడీ అన్నాడు. సంక్రాంతి వచ్చేస్తోంది, ఫోన్ చేస్తే “ఇవాళ కూడా గాలి బాలేదమ్మా” అంటాడు తప్ప ఇంకేం చెప్పడు. నాకు టెన్షన్‌గా ఉంది. బెలూన్ ఎగరెయ్యడానికి ఇన్ని రోజులా? – ఒక తల్లి

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంగారు పడకండి, రెడీ అయ్యాక రోజులూ వారాలూ ఆగడం అక్కడ మామూలే.

బెలూన్ అనగానే మనకి తీర్థంలో అమ్మే బుడగ గుర్తొస్తుంది. అక్కడ వాడే పెద్ద బెలూన్లు పైకెళ్ళి పూర్తిగా విచ్చుకుంటే దాదాపు 11 లక్షల ఘనపు మీటర్లు. ఆ పాలిథీన్ మందం 20 మైక్రాన్లు, కూరలు కట్టిచ్చే పల్చటి క్యారీ బ్యాగు లాంటిదే, అయినా మొత్తం ప్లాస్టికే టన్నున్నర పైన తూగుతుంది. కింద టెలిస్కోపూ దాన్ని మోసే చట్రమూ కలిపి ఇంకో రెండు మూడు టన్నులు. చట్రాన్ని వాళ్ళు గొండోలా అంటారు.

నాసా బెలూన్ క్యాంపు అంటార్కిటికాలో అమెరికా వాళ్ళ మెక్‌మర్డో స్టేషన్ దగ్గర రాస్ మంచు పలక మీద ఉంటుంది. టెలిస్కోపు అక్కడికి పెట్టెల్లో ముక్కలుగా వస్తుంది. వాటిని మళ్ళీ కలపాలి, క్రేన్‌కి వేలాడదీసి ఏ పక్కకీ ఒరగకుండా బరువు సర్దాలి, అది వేలాడుతూనే తనంతట తాను ఆకాశంలో ఒక చోటుకి గురిపెట్టి నిలబడగలదా అని చూడాలి. ఎందుకంటే పైన తాడుకి ఊగుతూ కూడా నక్షత్రాలని కెమెరాలతో గుర్తుపట్టి దిక్కు సరిచూసుకోవాల్సింది అదే. తర్వాత దాని రేడియోలూ బెలూన్ వాళ్ళ రేడియోలూ అన్నీ ఒకేసారి ఆన్ చేసి ఒకదానికొకటి అడ్డు రావడం లేదని తేల్చుకుంటారు. చాలా టెలిస్కోపుల్లో వెలుగుని పసిగట్టే డిటెక్టర్లు పెద్ద థర్మాస్ ఫ్లాస్కు లాంటి దాంట్లో ఉంటాయి, అందులో మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం. అది రోజూ కొంచెం కొంచెం ఆవిరైపోతుంది కాబట్టి ఎగిరేదాకా నింపుతూనే ఉండాలి. మీవాడి టెలిస్కోపూ ఆ రకందే అయితే, ఖాళీగా కూర్చున్నాడని మీరు అనుకుంటున్న రోజుల్లో కూడా అతనికి ఆ పని తప్పదు.

ఇక గాలి సంగతి. వాళ్ళకి రెండు గాలులు కుదరాలి. ఒకటి 36 కిలోమీటర్ల పైన ఉండేది. మన దగ్గర నైరుతి వెళ్ళి ఈశాన్యం పట్టినట్టే, అక్కడ చలికాలమంతా పడమటి నుంచి వీచిన పైగాలి వేసవిలో, అంటే మన డిసెంబరు జనవరుల్లో, తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది, ధ్రువం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. అది కుదురుకున్నాక వదిలితే బెలూన్ సుమారు రెండు వారాల్లో ధ్రువాన్ని చుట్టి మళ్ళీ క్యాంపు వైపే వస్తుంది. రెండోది నేలగాలి, దీనితోనే అసలు చిక్కు. లాంచ్ రోజున బెలూన్‌ని రెండు వందల మీటర్లకు పైగా పొడవున మంచు మీద పరుస్తారు, తలభాగంలో మాత్రం హీలియం నింపుతారు, రెండో కొసన పెద్ద బండి టెలిస్కోపుని ఎత్తి పట్టుకుని ఉంటుంది. తల వదలగానే బెలూన్ పైకి లేచి నిటారుగా నిలుస్తుంది, బండి సరిగ్గా దాని కిందికి నడిచి వచ్చి అప్పుడు టెలిస్కోపుని విడిచిపెట్టాలి. ఆ కాసేపూ గాలి మెల్లగా తొక్కే సైకిల్ వేగం దాటకూడదు, దిక్కు మారకూడదు, నేలమీదే కాదు రెండు మూడు వందల మీటర్ల ఎత్తు దాకా. చిన్న బుడగలు వదిలి చూస్తూ ఉంటారు. బాగుందనిపించి టెలిస్కోపుని బయటికి తెచ్చి, గంటల తరబడి చలిలో నిలబడి, మళ్ళీ లోపలికి తీసుకుపోయిన రోజులు చాలా బృందాలకి ఉన్నాయి. హీలియం నింపడం మొదలుపెట్టాక మాత్రం వెనక్కి పోలేరు, గాలి మారితే ఆ బెలూన్ పోయినట్టే.

కనుమ రోజు జగ్గన్నతోటకి ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకెళ్ళడం మీరు చూసే ఉంటారు. కౌశిక దాటేటప్పుడు ప్రభ ఒక పక్కకి ఒరిగితే గట్టు మీద ఉన్నవాళ్ళకి గుండె ఆగినట్టుంటుంది. మీవాడికి ఏళ్ళ తరబడి చేసిన పని ఆ కాసేపట్లో అలా ఉంటుంది. ఆగడం తెలిసినవాళ్ళతో ఉన్నాడు, నాకైతే అది ధైర్యంగానే అనిపిస్తోంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు “పైగాలి కుదిరిందా, ఫ్లాస్కులో హీలియం ఎంత ఉంది” అని అడిగి చూడండి, ఎంతసేపు మాట్లాడతాడో.

సార్, ఇంత కష్టం ఎందుకు? కొండ మీద పెట్టుకోవచ్చు, లేకపోతే రాకెట్‌లో పంపొచ్చు కదా. బెలూనే కావాలంటే మన దగ్గర నుంచి ఎందుకు ఎగరెయ్యరు? – ఇంటర్ విద్యార్థిని, రాజోలు

తల్లీ, శ్రావణంలో మీ ఇంట్లో ఉప్పు జాడీ చూడు, నీరు కారిపోయి ఉంటుంది. మన గాలిలో అంత తేమ. ధూళి మబ్బుల్లో పుట్టే నక్షత్రాల వెలుగు చాలావరకు కంటికి కనపడని దూర పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలుగా వస్తుంది, గాలిలో ఉన్న నీటి ఆవిరి దాన్ని తాగేస్తుంది. కొండ ఎక్కితే కొంత నయం, 36 కిలోమీటర్లు ఎక్కితే 99 శాతానికి పైగా గాలి కిందే ఉండిపోతుంది. రాకెట్ ఇంకా మంచిదే, కానీ ఉపగ్రహానికి బోలెడు డబ్బూ చాలా ఏళ్ళూ కావాలి. బెలూన్ అయితే దించి, బాగుచేసి మళ్ళీ పంపొచ్చు, పైగా నీకంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు సొంత చేతులతో బిగిస్తారు. విశ్వం తొలినాటి వెలుగుని కొలవడానికి 2009లో వెళ్ళిన ప్లాంక్ ఉపగ్రహంలో వాడిన రకం డిటెక్టర్లని ముందు బూమరాంగ్ అనే బెలూన్ టెలిస్కోపులోనే పరీక్షించారు. అది 1998 డిసెంబరు 29న మెక్‌మర్డో దగ్గర ఎగిరి పది రోజులు తిరిగింది. విశ్వమంత పెద్ద త్రిభుజం గీసినా కోణాల మొత్తం నువ్వు స్కూల్లో నేర్చుకున్న 180 డిగ్రీలే, అంటే విశ్వానికి వంపు లేదు అని 2000లో దాని ఫలితాలు చూపించాయి. ఒక బెలూన్ ఇంత పెద్ద మాట చెప్పిందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మన దగ్గర ఎగరెయ్యరని అనుకోకు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది, అక్కడి నుంచి ఒక మీటరు అద్దం ఉన్న పరారుణ టెలిస్కోపునే చాలాసార్లు పంపారు. కాకపోతే మనకి పగలూ రాత్రీ ఉన్నాయి. సాయంత్రం గ్యాస్ చల్లబడి ముడుచుకుంటే బెలూన్ దిగిపోతుంది, బరువు పారబోసి నిలబెట్టాలి, అలా ఎన్ని రాత్రులు? అంటార్కిటికా వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి ఆ బాధ లేదు. గస్టో అనే టెలిస్కోపు 2023 డిసెంబరు 31న ఎగిరి అక్కడే 57 రోజులు తిరిగింది.

అంత ఎత్తునుంచి దింపితే టెలిస్కోపు పగిలిపోదా? – ఆలమూరు పాఠకుడు

పారాచూట్‌తో దింపుతారండీ, అయినా ఒక్కోసారి పగులుతుంది. 2006 డిసెంబరులో అంటార్కిటికాలో ఎగిరిన బ్లాస్ట్ అనే టెలిస్కోపు నేల తాకాక పారాచూట్ ఊడి రాలేదు. గాలికి అది తెరచాపలా పొంగి టెలిస్కోపుని మంచు మీద ఒక రోజంతా, 200 కిలోమీటర్ల దూరం ఈడ్చుకుపోయింది. రావులపాలెం నుంచి విశాఖపట్నం అంత దూరం! అద్దం పోయింది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి హార్డ్ డిస్కులు మాత్రం మంచులో దొరికాయి, వాటిలోని సమాచారంతో 2009లో పెద్ద పరిశోధన పత్రమే వచ్చింది.