మూడో అధ్యాయం తర్వాత ప్రేమకథ చప్పబడుతోందంటే

మీ నవలలో రవి, సుధ మూడో అధ్యాయంలోనే మనసు విప్పి చెప్పేసుకుంటారనీ, అక్కడి నుంచి చదివేవాళ్లకు ఆసక్తి పోతోందనీ రాశారు కదండీ. నాకు తప్పు అడ్డంకిలో కనిపిస్తోంది. మీరు పెట్టిన అడ్డు పెద్దవాళ్ల పంతం. అది కరిగేదాకా ఎదురుచూడటం తప్ప ఆ ఇద్దరికీ చేయడానికేమీ లేదు.

1955 నాటి 'మిస్సమ్మ' సినిమా తీసుకోండి. ఉద్యోగం కోసం రావు, మేరీ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఒకే ఇంట్లో ఉంటారు. చివరికి కలుస్తారని మనకు మొదటి నుంచీ తెలుసు. అయినా కదలకుండా చూస్తాం. రావు ఇంకో అమ్మాయికి సంగీతం నేర్పుతుంటే మేరీ చిరాకు పడుతుంది. ఆ చిరాకు వెనక ఇష్టం ఉందని ఆమె కంటే ముందు మనం కనిపెడతాం. నాకైతే ప్రేమకథలో అసలు రుచి అదే.

కాబట్టి రవి, సుధ మనసు విప్పి చెప్పుకోవడాన్ని వీలైనంత ఆలస్యం చేయండి. సుధ ఒప్పుకోకపోవడానికి ఆమెలోనే కారణం ఉండాలి. మీరు రెండో అధ్యాయంలో నాన్న అప్పుల సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఎవరి మీదా ఆధారపడకూడదన్న ఆమె భయం అక్కడే పుట్టిందనుకోండి, కథ దానంతటదే కదులుతుంది.

డైలాగులు తగ్గించండి. ఆమెకు జ్వరమొస్తే రవి మందులు గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోవాలి. పెట్టిందెవరో ఆమెకు నాలుగు పేజీల తర్వాత తెలియాలి.

తిరగరాశాక ఆ అధ్యాయం ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.