హైవే మీద రాత్రి ప్రయాణాలకి ఏ అదనపు లైట్లు పెట్టించాలి? లైట్ బార్‌తో దెబ్బతిన్నవాడి జవాబు

రాత్రిపూట హైవే మీద ఎక్కువ తిరుగుతాను, హెడ్‌లైట్లు చాలట్లేదు, ఫాగ్ ల్యాంపులు పెట్టించాలా, డ్రైవింగ్ ల్యాంపులా, లైట్ బారా అని అడిగారు. ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను.

కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాగే డబ్బా మీద లూమెన్ల (లైటు ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత) అంకె చూసి, ఎక్కువుంటే అదే గొప్ప అనుకుని, కారు టాప్ మీద బారెడు ఎల్‌ఈడీ లైట్ బార్ బిగించాను. ఎదురు బండి లేని రోడ్డు మీద పట్టపగల్లా ఉండేది. రెండు వారాలు రాజాలా తిరిగాను.

ఒకరోజు తెల్లవారుజామున ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పొగమంచు కమ్మేసింది. పక్క సీట్లో మా బావమరిది. "అంత పెద్ద లైటు పెట్టించావుగా బావా, వెయ్యి చూద్దాం" అన్నాడు. వేశాను. అంతే, రోడ్డు మాయం. అద్దం ముందు ఎవరో తెల్ల దుప్పటి కట్టినట్టుంది, దానికి తోడు పైనుంచి వెలుగు బానెట్ మీద పడి కళ్లలోకే తిరిగి కొడుతోంది. హై బీమ్ వేస్తే ఇంకా ఘోరం. చివరికి అన్నీ ఆపేసి ఉత్త లో బీమ్ మీద, మావాడు కిటికీ దించి తల బయటపెట్టి రోడ్డు అంచు గీత చూస్తూ "నీ వైపుకి లాగు బావా, ఇంకొంచెం" అంటుంటే నత్తలా పాకాం. ఆ టైమ్‌లో వెనక నుంచి ఓ పాత జీపు, బంపర్ కింద రెండు పసుపు లైట్లతో, మమ్మల్ని దాటుకుని తాపీగా వెళ్లిపోయింది. దాని ముందు రోడ్డు చక్కగా కనిపిస్తోంది!

అప్పుడర్థమైంది నాకు, వెలుగు ఏ ఎత్తు నుంచి ఏ ఆకారంలో పడుతోందో చూసుకోవాలి, లూమెన్లు తర్వాతి సంగతి. ఫాగ్ ల్యాంప్ కింద ఉంటుంది, వెలుగు వెడల్పుగా, పైభాగం కత్తిరించినట్టు పడుతుంది, అందుకే మన చూపుకి అడ్డొచ్చే మంచుని వెలిగించకుండా దాని కిందనుంచి రోడ్డునీ అంచుల్నీ చూపిస్తుంది. దూరం మాత్రం ఆశించకండి. పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుందంటారు గానీ అది ఉత్తమాటే, మంచు బిందువులు పెద్దవి కాబట్టి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అయినా నాకు పసుపే ఇష్టం, నీలం తగ్గడం వల్ల కళ్లకి హాయిగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1993 దాకా హెడ్‌లైట్లే పసుపు ఉండేవి మరి.

కొందరు ఆకాశం నిర్మలంగా ఉన్నా ఫాగ్ ల్యాంపులు వేసుకుని తిరుగుతారు, దేనికో! వెనక ఎర్ర ఫాగ్ లైట్ ఆపడం మర్చిపోయేవాళ్లు ఇంకో రకం, అది బ్రేక్ లైట్‌లా మండుతుంటే వెనకున్నవాడికి వీడు బ్రేక్ వేశాడో లేదో తెలిసి చావదు. హాలోజెన్ (పాతరకం తీగ బల్బు) కోసం చేసిన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చి, వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొట్టేలా చేసేవాళ్ల గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది.

వైరింగ్ ఒక్కటి మాత్రం జాగ్రత్త. 55 వాట్ల బల్బులు రెండంటే 12 వోల్టుల మీద 9 ఆంప్స్ పైనే లాగుతాయి. రిలే (లైట్ల కరెంటు స్విచ్ గుండా పోకుండా తానే మోసే చిన్న డబ్బా), 15 ఆంప్స్ ఫ్యూజ్ లేకుండా బిగిస్తానంటే ఒప్పుకోకండి. నా లైట్ బార్ బిగించినాయన నేరుగా స్విచ్‌కే కలిపేశాడు, ఓ రాత్రి కారంతా ప్లాస్టిక్ కాలిన వాసన, చూస్తే స్విచ్ వెనక వైరు మెత్తబడిపోయి ఉంది. అదే ఆ లైట్ బార్‌కి ఆఖరి రాత్రి.

మీరడిగింది హైవే గురించి, నేనేమో మంచు దగ్గరే ఉండిపోయాను. మీకు డ్రైవింగ్ ల్యాంపులే సరి. సన్నగా, దూరంగా పడతాయి. హై బీమ్‌తోనే వెలిగి, ఎదురు బండి రాగానే దాంతోపాటే ఆరిపోయేలా కలిపించండి. లైట్ బార్ అయితే రోడ్డే లేని చోటికి వెళ్లేవాళ్లకి, చాలా చోట్ల మామూలు రోడ్ల మీద వేయనివ్వరు కూడా. ఇవన్నీ కొనేముందు మీ హెడ్‌లైట్ల అద్దాలు పసుపెక్కి మసకబారాయేమో ఓసారి చూడండి. నావి పాలిష్ చేయించి, బీమ్ ఎత్తు సరిచేయించాక సగం బాధ తీరింది. ఆ పని ముందే చేసుంటే టాప్ మీద నాలుగు బెజ్జాలు మిగిలేవి కావు, ఇప్పుడు వానొస్తే అక్కణ్ణుంచే కారుతోంది.