డంబో, రెక్స్, బొచ్చు లేనిది: ఏ ఎలుకను తెచ్చుకోవాలి?

మీ తొమ్మిదేళ్ల బాబు పెంపుడు ఎలుక కావాలంటున్నాడని, పక్కలకు దిగిన చెవుల డంబో మంచిదా, ఉంగరాల బొచ్చు రెక్స్ మంచిదా, బొచ్చు లేనిదైతే ఇల్లు శుభ్రంగా ఉంటుందా అని అడిగారు. మీలాగే మేమూ ఇంగ్లండులోనే, లీసెస్టర్‌లో ఉంటాం. మా ఇంట్లో ఏడేళ్లుగా ఎలుకలున్నాయి. రెక్స్ పిల్లలను తీసుకునేముందు మెంతి అనే మా ఎలుక సంగతి వినండి.

మొదటిసారి ముగ్గురు అక్కచెల్లెళ్లను తెచ్చాం. ఒకే ఈత పిల్లలు. మా అమ్మాయి పోపుల పెట్టె చూసి వాము, గసాలు, మెంతి అని పేర్లు పెట్టింది. వాముది నున్నని బొచ్చు, నిటారు మీసాలు. గసాలుకు ఉంగరాల బొచ్చు, వంకర మీసాలు. మెంతికి అంతకన్నా ఎక్కువ ఉంగరాలు. మీసాలైతే కాలిన దారప్పోగుల్లా పొట్టిగా చుట్టుకుపోయి ఉండేవి. అమ్మినవారు రెండింటినీ రెక్స్ అనే చెప్పారు.

మూడో వారంలో మెంతి భుజం మీద రూపాయి బిళ్లంత బోడి మచ్చ కనిపించింది. నాలుగు రోజులకు నడుము మీద ఇంకొకటి. గజ్జి అనుకున్నాను. మిగతా రెండింటికీ అంటుతుందని మెంతిని వేరే పంజరంలో పెట్టి గది తలుపు వేశాను. పన్నెండు రోజులు అది ఒంటరిగా ఉంది. ఎలుక గుంపులో బతికే ప్రాణి. మెంతి తిండి తగ్గించి, మూలన ముడుచుకుని, రాత్రంతా పంజరం ఊచలు కొరికేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పశువైద్యురాలి దగ్గరకు వెళ్లిన రోజు మా అమ్మాయి తన నోటుపుస్తకం వెంట తెచ్చుకుంది. రోజూ ఎలుక బొమ్మ గీసి, బొచ్చు లేనిచోట పెన్సిలుతో నలుపు వేసేది. డాక్టరు చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూసింది. పురుగులు లేవు, పుండు లేదు, మెంతి గోక్కోవడమూ లేదు. తరువాత ఆ బొమ్మలు వరుసగా తిప్పింది. మొదటి మచ్చ పూడుకుపోయింది, ఇంకోచోట కొత్తది వచ్చింది. మచ్చలు ఒంటి మీద ఊరేగుతున్నాయి. గజ్జి అలా చేయదని చెప్పి, మీసాలు చూపించి, ఇది డబుల్ రెక్స్ అంది.

రెక్స్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే ఉంగరాల బొచ్చు. ఇద్దరి నుంచీ వస్తే బొచ్చు నిలవదు. ఒకచోట రాలుతుంది, ఇంకోచోట మొలుస్తుంది. రెక్స్‌కూ రెక్స్‌కూ జత కడితే, సగటున పిల్లల్లో సగం రెక్స్, పావు వంతు నున్నటివి, పావు వంతు మెంతి లాంటివి. మా ముగ్గురిలో మూడు రకాలూ ఉన్నాయి! ఈ ఒక్క మాట అమ్మేటప్పుడు చెప్పి ఉంటే ఆ పన్నెండు రోజులు ఉండేవి కావు. ఆ రాత్రే మూడింటినీ ఖాళీ స్నానాల తొట్టిలో కలిపాం. వాము వెళ్లి మెంతి బోడి భుజం నాకడం మొదలుపెట్టింది.

డంబో అంటే చెవులు తల పైన కాకుండా పక్కలకు దిగి, గుండ్రంగా ఉండటమే. అవి సాధు స్వభావం గలవని అందరూ రాస్తారు. నేను నమ్మను. తరువాత మా ఇంటికి వచ్చిన డంబో అన్నిటికన్నా మొండిది. సాధుత్వం చిన్నప్పుడు చేతుల్లో పెరగడం వల్ల వస్తుంది, చెవుల వల్ల కాదు. శాటిన్ అంటే సన్నని, మెరిసే బొచ్చు. చూడముచ్చటగా ఉంటుంది, అంతే.

బొచ్చు లేనిది శుభ్రమనేది అపోహ. దానికి చలి ఎక్కువ, ఒంటి వేడి నిలుపుకోవడానికి తిండి ఎక్కువ కావాలి, తోటి ఎలుకల గోళ్లు తగిలితే చర్మం చీరుకుపోతుంది. తోక లేనిదాన్ని అసలు కొనకండి. ఎలుకకు తోకే తూకం, తోకే విసనకర్ర. ఒంటి వేడి దాని గుండా బయటికి పోతుంది. తోక లేకుండా పుట్టించే ప్రయత్నంలో వెన్నెముక, నడుము లోపాలతో పిల్లలు పుడతాయి. ఎలుకల అందచందాల పోటీలు ఈ దేశంలో కొత్త కాదు. 1901లోనే మేరీ డగ్లస్ అనే ఆవిడ ఎయిల్స్‌బరీ ప్రదర్శనలో ఎలుకలకు చోటు ఇప్పించింది. అంత అందం చూసేవారిలోనూ, 1976లో ఏర్పడిన నేషనల్ ఫ్యాన్సీ ర్యాట్ సొసైటీ బొచ్చు లేనివాటినీ తోక లేనివాటినీ తన ప్రదర్శనలకు రానివ్వదు. సరైన పని.

ఇంకొక బాధ. తెనాలి దగ్గర మా ఊళ్లో పొలం గట్లు తవ్వేసేది పందికొక్కు. ఇంగ్లీషువాళ్ల 'బాండికూట్' మన పందికొక్కు మాటే. దాని జాతి వేరు, ఈ పెంపుడు ఎలుకల జాతి వేరు. ఫోనులో మా పెద్దమ్మ "పందికొక్కులను ఇంట్లో పెట్టుకున్నావటే" అన్నప్పుడల్లా నొచ్చుకుంటాను. వరి పండించేవాళ్ల కోపం న్యాయమైనదే, కానీ మెంతికి దానితో సంబంధం లేదు.

ఒక్కదాన్నే ఇస్తామన్న దుకాణంలో కొనకండి. కనీసం రెండు తీసుకోండి. పైన్ రంపపు పొట్టు వేసి ఉంచినచోట కూడా వద్దు, వీటి ఊపిరితిత్తులు అసలే సున్నితం. పిల్లను చెవి దగ్గర పెట్టుకుని వినండి, ఊపిరిలో గురక, చిటపట వినపడకూడదు. ఉంగరాల బొచ్చు పిల్ల నచ్చితే తల్లినీ తండ్రినీ చూపించమనండి. ఇద్దరికీ వంకర మీసాలుంటే ఆ ఈతలో ఒక మెంతి ఉండవచ్చు. ఆ పిల్లను వదిలేయకండి. మా మెంతి రెండేళ్ల నాలుగు నెలలు మా ఇంట్లో హాయిగా తిరిగింది. మచ్చ కనబడగానే వేరు చేయకుండా, పురుగులున్నాయో లేవో ముందు డాక్టరుకు చూపించండి.