కట్టు విప్పగానే అమ్మ కనిపించదు

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు కథలూ, ఉత్తరమూ చదివాను. నీకు వాక్యం వచ్చు, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోకు. నేను మాట్లాడదలుచుకున్నది చూపు గురించి.

మొదటి కథలో పుట్టుకతో శుక్లాలున్న పన్నెండేళ్ల పిల్లకు ఆపరేషన్ చేయించావు. డాక్టరు కట్టు విప్పుతాడు, పిల్ల మెల్లగా కళ్లు తెరుస్తుంది, ఎదురుగా ఉన్న మనిషిని చూసి "అమ్మా!" అంటుంది, తల్లి భోరుమంటుంది. సినిమాల్లో ఈ సీను ఎన్నోసార్లు చూశాం కాబట్టి చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అసలు జరిగేది వేరు. పుట్టినప్పటి నుంచీ చూపు లేని పిల్లకు ఆ వయసులో చూపు వస్తే, కంట్లో వెలుగు పడుతుంది, రంగులు పడతాయి, ఏవో కదులుతుంటాయి. అమ్మ చీర ఎక్కడ అయిపోయిందో, వెనక గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. అమ్మ మాట్లాడితే తెలుస్తుంది, చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. చూస్తే తెలియదు.

ఈ ప్రశ్న మూడు వందల ఏళ్లకు పైగా నలుగుతోంది. 1688లో డబ్లిన్ నగరం నుంచి విలియం మోలినూ అనే ఆయన ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్‌కు రాసి పంపాడు. పుట్టుకతో చూపు లేనివాడు బంతినీ, ఘనాన్నీ చేత్తో తడిమి ఏది ఏదో చెప్పగలడు కదా. వాడికి హఠాత్తుగా చూపొస్తే, ముట్టుకోకుండా చూసి చెప్పగలడా? మోలినూ భార్య పెళ్లయిన కొత్తలోనే చూపు కోల్పోయింది. ఆయనకు ఇది వట్టి తర్కం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. చెప్పలేడనే ఇద్దరూ అనుకున్నారు.

నలభై ఏళ్ల తర్వాత, 1728లో, లండన్ సర్జన్ విలియం చెసెల్డెన్ ఒక పదమూడేళ్ల కుర్రాడి కళ్లకు ఆపరేషన్ చేసి, తర్వాత వాడు ఏం చేశాడో రాసిపెట్టాడు. వస్తువులు చేతికి తగిలినట్టే, కనిపించేవన్నీ తన కళ్లకు తగులుతున్నాయని వాడు అనుకున్నాడట. తల్లి గడియారానికున్న చిన్న లాకెట్‌లో తండ్రి బొమ్మ చూపిస్తే, అంత పెద్ద ముఖం ఇంత చోటులో ఎలా పట్టిందని ఆశ్చర్యపోయాడు. ఇంకొకటి నాకు ఎంతో ఇష్టం. పిల్లి ఏదో కుక్క ఏదో వాడికి ఎంత చెప్పినా గుర్తుండేది కాదు. మళ్లీ అడగాలంటే సిగ్గు. ఒకసారి పిల్లిని పట్టుకున్నాడు. ఒళ్లు తడమగానే పిల్లి అని తెలిసిపోయింది. దాన్ని అలాగే పట్టుకుని కాసేపు తదేకంగా చూసి, కింద వదులుతూ, ఇకమీద నిన్ను గుర్తుపడతాను అని ఆ పిల్లితోనే చెప్పాడట.

ఆ కుర్రాడి దగ్గర కాసేపు ఆగు. వాడి చేతికి తెలిసిన పిల్లి, కంటికి తెలియదు. చెయ్యి పాఠం చెబుతుంటే కన్ను కూర్చుని నేర్చుకుంటోంది. నీ కథలో ఇలాంటి క్షణం ఒక్కటుంటే తల్లి ఏడుపు అవసరమే లేదు.

మోలినూ ప్రశ్నకు గట్టి జవాబు చివరికి మన దేశంలోనే దొరికింది. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్‌గా ఉన్న పవన్ సిన్హా ఢిల్లీలో ప్రాజెక్ట్ ప్రకాశ్ మొదలుపెట్టారు. పుట్టుకతో చూపు లేక, వైద్యం అందక ఉండిపోయిన పిల్లలను పల్లెల్లో వెతికి ఆపరేషన్లు చేయించడం, ఆ పిల్లలు చూడటం ఎలా నేర్చుకుంటారో గమనించడం, రెండూ వాళ్ల పనే. 2011లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఇది. 8 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు ఐదుగురు, కొత్తగా చూపు వచ్చినవాళ్లు. ఒక ఆకారాన్ని తడమనిచ్చి, తర్వాత రెండు ఆకారాలు కళ్లకు చూపించి, ఇందాకటిది ఏదని అడిగారు. దాదాపు బొమ్మా బొరుసూ వేసినట్టే చెప్పారు. చూసినదాన్ని మళ్లీ చూసి పోల్చమంటే మాత్రం బాగానే చెప్పారు. అంటే కన్ను పని చేస్తోంది, చెయ్యీ పని చేస్తోంది, వాటి మధ్య దారి పడలేదు. కొద్ది రోజుల్లోనే ఆ దారి పడటం మొదలైంది.

ఆ పిల్లల గురించి ఇంకో సంగతి కూడా తెలుసుకో. ఫొటోలో ఒక బంతిని చూపిస్తే దాని మీది మెరుపు ఒక వస్తువు, నీడ ఒక వస్తువు, మిగతాది ఇంకో వస్తువు అనుకుంటారు. అదే బొమ్మ కదిలితే, కలిసి కదిలేదంతా ఒకటే అని పట్టేస్తారు. నీ కథలో తల్లి కట్టు విప్పే వేళ బొమ్మలా నిలబడి ఉంది. ఆమెను నాలుగు అడుగులు నడిపించు. కదిలే రంగులన్నీ ఒక మనిషిగా కూడుకోవడం మొదలవుతుంది. పిల్ల భయపడవచ్చు. కళ్లు మూసేసుకుని, చేతులు చాచి, అమ్మ ముఖం తడిమి, ముక్కు, చెవులు, గడ్డం లెక్క చూసుకుని, అప్పుడు మళ్లీ కళ్లు తెరవవచ్చు. ఆ సీను నువ్వు రాయగలవు.

ఇదంతా చూపు లేనివాళ్ల సంగతే అనుకోకు. మనం కూడా ఇలాగే నేర్చుకున్నాం. కాకపోతే పసితనంలో నేర్చుకున్నాం కాబట్టి నేర్చుకున్నామన్న సంగతే మరిచిపోయాం.

నమ్మకం కలగకపోతే ఒక తెల్ల కాగితం తీసుకో. ఎడమవైపు ఒక ప్లస్ గుర్తు పెట్టు, దానికి 8 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు నల్ల చుక్క పెట్టు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ప్లస్ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చుకో. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. బడిలో అంధచుక్క అని చదివి, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం కదా, అదే. దృష్టి నాడి కంటి నుంచి బయటికి వెళ్లే చోట వెలుగును పట్టే కణాలే లేవు. ఫ్రాన్స్‌లో మారియోట్ దీన్ని 1660ల్లో కనిపెట్టాడు. నువ్వు గమనించాల్సింది చుక్క పోవడం కాదు, దాని చోట ఏం వచ్చిందన్నది. నల్లటి కన్నం రాలేదు, తెల్ల కాగితం వచ్చింది. ఇప్పుడు చుక్క మీదుగా అడ్డంగా ఒక గీత గీసి మళ్లీ చూడు. చుక్క పోతుంది, గీత మాత్రం తెగకుండా సాగిపోతుంది. అక్కడ గీతను నువ్వు చూడలేదు. అక్కడ ఉండాల్సింది అదేనని మెదడు తేల్చుకుంది.

ఒక్కో కంట్లో వెలుగును పట్టే కణాలు 12 కోట్ల పైచిలుకు. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరపు పోగులు సుమారు 10 లక్షలు. కంటి దగ్గరే ఇంత వడపోత జరిగిపోతుంది. స్పష్టంగా కనిపించేది చెయ్యి చాపితే బొటనవేలి గోరంత మేర. మిగతా అంతా మసక. కళ్లు సెకనుకు రెండు మూడుసార్లు చోటు మారుతూ ఏరుకొచ్చిన ముక్కలతో మెదడు ఈ గది మొత్తాన్నీ నిలబెడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీన్ని మనకు తెలియకుండా మనం చేసే అంచనా అన్నాడు. చెవి కూడా అంతే. సినిమా హాల్లో మాట వచ్చేది స్పీకర్ల లోంచి. మనకు వినబడేది హీరో నోట్లోంచి. పెదాలు ఎక్కడ కదిలితే మాట అక్కడిదేనని మెదడు తీర్పు ఇచ్చేసింది.

మన రచయితలకు ఇంతకంటే విలువైన విషయం ఇంకేముంటుంది? "కంటికి కనిపించింది కనిపించినట్టు రాశాను" అని నీ ఉత్తరంలో రాశావు. కంటికి కనిపించేటప్పటికే అందులో నీ అలవాటు, నీ భయం, నీ వెతుకులాట కలిసిపోయి ఉంటాయి. కనుక వర్ణన రాసేటప్పుడు నిన్ను నువ్వు అడగాల్సింది "అక్కడ ఏమేం ఉన్నాయి" అని కాదు. "ఈ మనిషికి అక్కడ ఏం కనిపిస్తుంది, ఏది కనిపించదు" అని.

దీంతో రెండో కథకు వస్తాను. కూతురు వస్తుందో రాదో తెలియక తండ్రి విజయవాడ బస్టాండులో ఎదురుచూస్తున్నాడు. పసుపు చున్నీ వేసుకుని వస్తానని ఆ అమ్మాయి ఫోన్లో చెప్పింది. నువ్వు ఒక పేజీ నిండా బస్టాండు రాశావు: ప్లాట్‌ఫారాలు, అనౌన్స్‌మెంట్లు, పూల బుట్టలు, టీ కొట్టు, గోడ మీది ప్రకటనలు. అన్నీ నిజమే, అన్నీ సమానంగా ఉన్నాయి. ఆ పేజీలో తండ్రి లేడు. పసుపు కోసం వెతికే మనిషికి లోకమంతా పసుపే తగులుతుంది. అరటిగెలలు తగులుతాయి, బంతిపూలు తగులుతాయి, వేరే ఎవరి పిల్లదో వీపు తగిలి గుండె ఝల్లుమంటుంది. పక్కన మనిషి జారిపడ్డా చూడడు. అతిశయం కాదిది. 1999లో అమెరికాలో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రీ ఒక ప్రయోగం చేశారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని వీడియో చూపిస్తే, మధ్యలో గొరిల్లా వేషంలో మనిషి వచ్చి గుండెలు బాదుకుని వెళ్లినా సగం మందికి కనిపించలేదు. అనౌన్స్‌మెంట్లు కూడా తీసెయ్యి. ఆ తండ్రికి అవి వినబడవు. ఎవరైనా "నాన్నా" అని పిలిస్తే మాత్రం అంత గోలలోనూ వినబడుతుంది.

అన్నీ చెప్పకపోతే పాఠకుడికి బస్టాండు ఎలా తెలుస్తుందని బెంగపడకు. అంధచుక్కను పూడ్చే మెదడు పాఠకుడికీ ఉంది. సరైన రెండు వివరాలు ఇస్తే మిగతా బస్టాండు అతనే కట్టుకుంటాడు, తను ఎరిగిన బస్టాండుతో కట్టుకుంటాడు.

ఒక్క హెచ్చరిక. ఈ సంగతులు తెలిసిన కొత్తలో చాలామంది "అంతా మాయే, ఎవరి నిజం వాళ్లది" అనే చోటికి జారిపోతారు. నువ్వు జారకు. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకుని బట్టలు పైకెత్తుకున్నాడు. తర్వాత నిజంగా మడుగు వచ్చినప్పుడు నేలే అనుకుని అడుగు వేశాడు. ఇందాక మోసపోయింది గుర్తుంది కాబట్టి మెదడు అంచనా మార్చుకుందని నేను అనుకుంటాను. కానీ నీళ్లు అతని అంచనాతో పని లేకుండా తడిపేశాయి. మెదడు ఊహిస్తుంది, లోకం దిద్దుతుంది. ఆ దిద్దుబాటు దగ్గరే కథ పుడుతుంది. లోకమే లేదనుకుంటే దిద్దేవాళ్లు ఉండరు, కథా ఉండదు.

చివరగా నువ్వు అడిగిన నవల విషయం. దివిసీమ ఉప్పెన మీద రాయాలనీ, అమ్మమ్మ చెప్పినవన్నీ రికార్డు చేస్తాననీ అన్నావు. తప్పకుండా చెయ్యి. అయితే జ్ఞాపకం కూడా చూపు లాంటిదే, తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని మళ్లీ కడుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ము విద్యార్థులకు చూపించి, కార్ల వేగం ఎంతని అడిగారు. "తగిలినప్పుడు" అని అడిగితే సగటున గంటకు 34 మైళ్లని వచ్చింది, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే దాదాపు 41. ఇంకో విడతలో వారం ఆగి, పగిలిన అద్దాలు చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. "నుజ్జు" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, "తగిలిన" మాట విన్నవాళ్లలో 7గురు.

కనుక "అల తాటిచెట్టంత ఎత్తు లేచిందట కదా అమ్మమ్మా" అని మొదలుపెట్టకు. అలా అడిగితే ఆవిడ నీ తాటిచెట్టునే చూసి చెబుతుంది. "ఆ రోజు పొద్దున లేచి ఏం చేశావు?" అని అడుగు. తర్వాత నోరు మూసుకుని కూర్చో. ఏ వాసన వచ్చింది, కాళ్లకు ఏం తగిలింది, చేత్తో ఏం పట్టుకుని ఉంది, ఇవి వస్తే రానివ్వు. ఇవాళ ఒకలా, రేపు ఒకలా చెబితే రెండూ తేదీలు వేసి రాసుకో, ఏదీ కొట్టెయ్యకు, ఆవిడ అబద్ధం చెబుతోందని అనుకోకు. 1977 నవంబరు 19న నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎంతమంది పోయారు అన్నవి మాత్రం రికార్డుల్లో చూసుకో, ఆ భారం ఆవిడ మీద పెట్టకు. వీలైతే ఈ నవంబరు లోపే వెళ్లు. ఆ నెలలో టీవీలూ పేపర్లూ పాత ఫొటోలన్నీ మళ్లీ వేస్తాయి. అవి కళ్లబడకముందే ఆవిడ మాట నీకు అందాలి. కథలు తిరగరాయడం తర్వాత చూసుకోవచ్చు.

ఉంటాను.