వనపర్తి రాజావారి అంగరక్షకులు ఎవరు?

ప్రశ్న: లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు బొచ్చు టోపీ పెట్టుకుని కదలకుండా నిలబడేవాళ్లు నిజంగా సైనికులేనా, టూరిస్టుల కోసం పెట్టిన వేషగాళ్లా? మా వనపర్తి ప్యాలెస్‌కు కూడా అలాంటివాళ్లు ఉండేవారా?
– ఒక పాలిటెక్నిక్ విద్యార్థి, వనపర్తి

జవాబు: నూటికి నూరుపాళ్లు సైనికులే. గ్రెనేడియర్, కోల్డ్‌స్ట్రీమ్, స్కాట్స్, ఐరిష్, వెల్ష్ అని ప్రధానంగా 5 రెజిమెంట్లు, యుద్ధమొస్తే పోయి పోరాడేది కూడా వాళ్లే. ఈసారి వీడియో చూసేటప్పుడు టోపీ వదిలేసి కోటు గుండీలు చూడండి. ఒక్కొక్కటిగా కుట్టి ఉంటే గ్రెనేడియర్, జంటలుగా ఉంటే కోల్డ్‌స్ట్రీమ్, మూడేసి ఉంటే స్కాట్స్, నాలుగేసి ఐరిష్, అయిదేసి వెల్ష్.

ఇక మీ ఊరి సంగతి. ఇప్పుడు మీ కాలేజీ నడుస్తున్న ఆ ప్యాలెస్ సంస్థానాధీశుల్లో 19వ శతాబ్దపు రాజా రామేశ్వరరావు గారు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో అంగరక్షక దళం పెట్టుకున్నారు. మన పాలమూరు ఎండల్లో ఆఫ్రికా సైనికుల కవాతు, ఊహించుకోండి! ఆయన పోయాక ఆ దళం నిజాం కొలువుకు చేరి ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్ అయింది. నిజాం సవారీ బయలుదేరితే గుర్రాల మీద వెంట నడవడం, దర్బారు రోజుల్లో బారులు తీరడం వాళ్ల పని. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీ వాళ్లదే, 1948 తర్వాత సంస్థానమే లేకుండాపోయి కొలువులు ఊడినా కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. పెళ్లి బరాత్‌లో మర్ఫా దరువు వింటే మీ కాళ్లు ఆగవు చూడండి, ఆ వాయిద్యాన్ని నగరానికి అలవాటు చేసింది ఈ సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చి హైదరాబాద్ బార్కస్ బస్తీలో స్థిరపడిన అరబ్బులే.

నిజాం జనానాకైతే కాపలా ఆడవాళ్లే. జఫర్ పల్టన్ అని, ఎర్ర కోట్లు, తుపాకులతో డ్రిల్లు చేసే మహిళా దళం. 1795లో ఖర్దా యుద్ధానికి కూడా వెళ్లారు. లండన్ వీడియోలకు వచ్చే వ్యూస్‌లో పదో వంతైనా వీళ్ల కథకు రావాలని నా కడుపుమంట.

ప్రశ్న: రాష్ట్రపతి అంగరక్షకులు ఇంకా గుర్రాల మీదే ఎందుకు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: గుర్రాలు ఉత్సవాల వరకే. 1773లో వారెన్ హేస్టింగ్స్ బనారస్‌లో పెట్టిన దళం అది, ఇప్పుడు వాళ్లు పారాచూట్ శిక్షణ పొందిన సైనికులు, సియాచిన్‌లోనూ పనిచేశారు. దేశ విభజనప్పుడు వైస్రాయ్ గుర్రపు బగ్గీ మనకా పాకిస్తాన్‌కా అని తగువొస్తే బొమ్మా బొరుసా వేశారనీ, మనం గెలిచామనీ చెప్పుకుంటారు. గణతంత్ర దినోత్సవ కవాతులో చాలా ఏళ్లు కనబడని ఆ బగ్గీ 2024లో ఆ వేడుకకు మళ్లీ రోడ్డెక్కింది.