ఉప్పు కరిగితే నీటి మట్టం పెరగదా?

ఘన, ద్రవ, వాయు పదార్థాల్లోని కణాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో నీళ్లలో ఉప్పు, పంచదార కరిగించే కృత్యం చేయించాను. కరిగిన కణాలు నీటి కణాల మధ్య ఖాళీల్లో ఇమిడిపోతాయి కాబట్టి నీటి మట్టం మారదని గైడులో ఉంది. మా కొలజాడీలో మాత్రం మట్టం పెరిగింది. ఎక్కడ పొరపాటు చేశాం?
– ఒక సైన్సు ఉపాధ్యాయిని, నరసరావుపేట

జవాబు: మీరు పొరపాటేమీ చేయలేదు టీచరుగారూ. మట్టం పెరుగుతుంది, పెరగాలి కూడా. గైడులో రాసిందే తప్పు. పిల్లలు కళ్లారా చూసినదాన్ని కొట్టేసి గైడు వాక్యం రాయించకండి.

లెక్క చూద్దాం. 80 మి.లీ. నీళ్లలో 16 గ్రాముల ఉప్పు వేశారనుకోండి. ఉప్పు స్ఫటికం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.16 గ్రాములు. అంటే 16 గ్రాములకు పట్టే చోటు సుమారు 7.4 మి.లీ. ఉప్పు ఏమాత్రం ఇమడకపోతే మట్టం 87.4 దగ్గర నిలవాలి. పూర్తిగా ఇమిడిపోతే 80 దగ్గరే ఉండాలి. అసలు జరిగేది ఈ రెండూ కాదు. కరిగాక మట్టం 85.6 దగ్గర ఆగుతుంది. తగ్గింది రెండు మిల్లీలీటర్ల లోపే. పంచదారతో ఆ కాస్త తేడా కూడా కనబడదు. 16 గ్రాముల పంచదార పలుకులకు పట్టే చోటు పది మి.లీ., కరిగాక పెరిగే మట్టమూ దాదాపు పదే.

మరి మట్టం మారదన్న మాట ఎలా వ్యాపించింది? వెడల్పాటి బీకరులో కృత్యం చేయడం ఒక కారణం. 7 సెం.మీ. అడ్డకొలత ఉన్న బీకరులో 5 గ్రాముల ఉప్పు కరిగిస్తే మట్టం పెరిగేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. కంటికి అది ఆనదు. ఇంకో కారణం, ఉప్పును కుప్పగా కొలవడం. 16 గ్రాముల మెత్తటి ఉప్పు కొలపాత్రలో పోస్తే 13 మి.లీ. దాకా వస్తుంది. అందులో సగానికి దగ్గరగా ఉన్నది పలుకుల మధ్య గాలి. నీళ్లలో పోయగానే ఆ గాలి బుడగలై పోతుంది. ఆ పోయిన చోటును కణాల మధ్య ఖాళీ అనుకుంటే మొత్తం పాఠమే తప్పుదారి పడుతుంది.

మళ్లీ చేయించేటప్పుడు సన్నటి 100 మి.లీ. కొలజాడీ తీసుకోండి. నీళ్లు ఒకసారి మరగబెట్టి చల్లార్చినవైతే బుడగల బెడద తక్కువ. మెత్తటి ఉప్పు బదులు కల్లుప్పు వేయండి, నెమ్మదిగా కరుగుతుంది. వేయగానే జాడీని వేలితో తట్టి బుడగలు పోగొట్టి వెంటనే మట్టం చదివించండి. తరవాత గాజుకడ్డీతో కలిపి, కడ్డీ బయటికి తీసి, పది నిమిషాలాగి మళ్లీ చదివించండి. కడ్డీ లోపల ఉండగానే చదవడం చాలా తరగతుల్లో జరిగే తప్పు. నీటి ఉపరితలం మధ్యలో పల్లంగా ఉంటుంది. కన్ను దానికి సమానమైన ఎత్తులో ఉంచి, ఆ పల్లం అడుగునే చదవాలి. మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య మట్టం కిందికి దిగడం పిల్లలకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకా బలమైన రుజువు కావాలంటే స్వచ్ఛమైన ఇథనాల్ 50 మి.లీ., నీళ్లు 50 మి.లీ. వేర్వేరు జాడీల్లో కొలిచి కలపండి. వంద రాదు, దాదాపు 96.4 వస్తుంది. కలిపినప్పుడు జాడీ వెచ్చబడుతుంది. గది వేడిమికి చల్లారాకే చదవాలి, లేకపోతే ఎక్కువ చూపిస్తుంది. దగ్గర్లో మంట ఉండకూడదు.

దీనికి గ్లాసు శనగల్లో గ్లాసు ఆవాలు పోసే ఉదాహరణ చెబుతుంటాం. మంచిదే, కానీ సగమే చెబుతుంది. ఖాళీలు నిండటం ఒక్కటే కారణమైతే పంచదార కూడా తగ్గి చూపించాలి కదా! ఉప్పు కరిగితే విడివడే సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) చుట్టూ ఉన్న నీటి అణువులను గట్టిగా దగ్గరికి లాక్కుంటాయి. అందుకే మొత్తం కొంచెం కుదించుకుంటుంది. కణాల పాఠంలో ఎప్పుడూ మూడు సంగతులు కలిపి చెప్పండి: కణాల మధ్య ఎడం, ఒకదానిమీద ఒకదానికున్న పట్టు, వాటి కదలిక. కణం కరగదు, వ్యాకోచించదు, వేడెక్కి ఉబ్బదు. మారేవి ఆ మూడే. ఆ ఎడంలో గాలి ఉంటుందని పిల్లలు రాస్తే అక్కడికక్కడే దిద్దండి. గాలి కూడా కణాలే కాబట్టి కణాల మధ్య ఉన్నది ఉత్త ఖాళీ.

ప్రశ్న: ఇంట్లో శుభకార్యానికి పెద్ద పొయ్యి మీద గంటల తరబడి వండితే గ్యాస్ సిలిండరు కింది భాగానికి చెమట పట్టింది. ముట్టుకుంటే చల్లగా ఉంది, మంట కూడా తగ్గింది. కదిపితే లోపల ఇంకా గ్యాస్ ఉన్నట్టే తెలుస్తోంది. వేడినీళ్లు పోస్తే మంట వస్తుందని వంటవాళ్లు అన్నారు. పోయవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వద్దమ్మా, పోయకండి. వాళ్లు చెప్పింది వట్టి మాట కాదు, పోస్తే మంట పెరుగుతుంది. కానీ లోపలి ఒత్తిడి ఎంతకు పోతుందో తెలుసుకునే దారి మీ చేతిలో లేదు. దగ్గర్లోనే పొయ్యి మండుతోంది.

సిలిండరులో ఉన్నది ఎక్కువభాగం ద్రవమే, ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. మామూలు ఒత్తిడిలో బ్యూటేన్ సున్నాకు కాస్త దిగువనే, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఒత్తిడిలో బిగించి ఉంచడం వల్లనే అవి ద్రవంగా ఉంటాయి. 14.2 కిలోల ఇంటి సిలిండరులోని ద్రవాన్ని వాయువుగా వదిలితే దాదాపు 250 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ద్రవంలో కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే వాయువులో ఎంత దూరందూరంగా ఉంటాయో దీన్నిబట్టి ఊహించండి.

నాబ్ తిప్పగానే పైనున్న వాయువు బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి ద్రవంలోని కణాలు పైకి లేవాలి. పక్క కణాల పట్టు తెంచుకుని లేవగలిగేవి వేగం ఎక్కువున్నవే. అవి వెళ్లిపోతే మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది, అంటే ద్రవం చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. గంటకు ఒక కిలో గ్యాస్ వాడితే ఆ ద్రవం సుమారు వంద వాట్ల చొప్పున వేడిని కోల్పోతుంది. ఇనుప గోడ ద్వారా గదిలోంచి వచ్చే వేడి దానికి సరిపోకపోతే సిలిండరు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద నీరవుతుంది. ద్రవం చల్లబడితే పైకి లేచే కణాలు తగ్గుతాయి, ఒత్తిడి తగ్గుతుంది, మంటా తగ్గుతుంది.

మంట తగ్గించి వాడండి. వీలైతే రెండో సిలిండరు మార్చి, దీన్ని గాలి ఆడేచోట నిలబెట్టి ఉంచండి, దానంతట అదే కోలుకుంటుంది. సిలిండరును పడుకోబెట్టడం మాత్రం వేడినీళ్లకంటే ప్రమాదం. ద్రవమే రెగ్యులేటరులోకి వచ్చి, ట్యూబులో వందల రెట్లు పెరిగి పెద్ద మంటగా ఎగదన్నుతుంది.

ఆ చెమట గీత మీకు పనికొస్తుంది కూడా. ద్రవం ఎంతవరకు ఉందో అక్కడిదాకానే చెమట పడుతుంది. చెమట లేనప్పుడు సిలిండరును తడిగుడ్డతో నిలువుగా తుడిచి చూడండి. పైభాగం ముందు ఆరుతుంది, ద్రవం ఉన్న భాగం ఆలస్యంగా ఆరుతుంది.

గ్యాస్ లీకైతే గాలికంటే బరువైనది కాబట్టి నేలమట్టంలో పేరుకుంటుంది. రెగ్యులేటరు ఆపి, తలుపులు బార్లా తీసి, లైటు స్విచ్చు వేయకుండా, తీయకుండా బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

ప్రశ్న: కణాలు నిరంతరం కదులుతాయని చదువుతున్నాం. చూసినవాళ్లెవరు?
– ఒక ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి రేణువుల లోపలి సూక్ష్మ కణికలు నీటిలో అటూ ఇటూ తుళ్లిపడటం మైక్రోస్కోపులో గమనించాడు. ప్రాణముండటం వల్ల కదులుతున్నాయేమోనని రాతిపొడి కూడా వేసి చూశాడు, అదీ అలాగే తుళ్లింది. కంటికి కనబడని నీటి అణువులు అన్నివైపుల నుంచీ గుద్దడమే కారణమని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చూపాడు. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త జాఁ పెరాఁ ఆ లెక్కను ప్రయోగాలతో నిలబెట్టాడు, 1926లో నోబెల్ అందుకున్నాడు.

మీ కాలేజీ ల్యాబులోనే చూడవచ్చు. చుక్క పాలను చెంచాడు నీళ్లలో కలిపి, అందులోంచి చిన్న చుక్క స్లైడు మీద వేసి కవర్‌స్లిప్ మూయండి. అంచులకు వాజలైన్ రాయండి. 400 రెట్లలో పాలలోని కొవ్వు బిందువులు కనిపిస్తాయి. అన్నీ ఒకే దిక్కుకు సాగుతుంటే అది బ్రౌన్ చలనం కాదు, అంచుల్లో నీరు ఆరడం వల్లో దీపం వేడికో పుట్టిన ప్రవాహం. కాసేపాగి, బాగా చిన్న బిందువును ఒక్కదాన్నే పట్టుకుని చూడండి. ఉన్నచోటే వణుకుతూ, దిక్కు మార్చుకుంటూ పోతుంది. పెద్ద బిందువులు దాదాపు కదలవు. వాటిని అన్నివైపుల నుంచీ గుద్దే అణువులు ఎంత ఎక్కువంటే, ఆ దెబ్బలు ఒకదానికొకటి చెల్లిపోతాయి.

ప్రశ్న: ఎసరు మరిగేటప్పుడు వచ్చే బుడగల్లో ఉండేది గాలేనా? మంట పెంచితే త్వరగా ఉడుకుతుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నీళ్లు వెచ్చబడగానే గిన్నె గోడలకు అంటుకునే సన్నటి బుడగల్లో ఉండేది నీళ్లలో కరిగిన గాలి. కళపెళ మరిగేటప్పుడు అడుగునుంచి లేచే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరే. హైడ్రోజన్, ఆక్సిజన్ అని పిల్లలు రాస్తుంటారు, అది తప్పు. మరగడంలో నీటి అణువు విడిపోదు, అణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయంతే. మరగడానికి ముందు వచ్చే గుయ్‌మనే చప్పుడు, అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్లలో చితికిపోయే చప్పుడు.

మరగడం మొదలయ్యాక మంట పెంచినా నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ఎక్కువ ఇచ్చిన వేడంతా పట్టు తెంచడానికే పోతుంది. గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 293 జౌళ్లు చాలు, దాన్ని ఆవిరి చేయడానికి 2,260 కావాలి. పప్పు త్వరగా ఉడకాలంటే కుక్కరే దారి. ఆవిరిని బిగించి ఒత్తిడి పెంచితే నీళ్లు 120 డిగ్రీల దాకా వెళతాయి.

ప్రశ్న: ఫ్రీజరులో నిండుగా పెట్టిన నీళ్ల సీసా పగిలింది. నెయ్యి గడ్డకట్టినా డబ్బా పగలదెందుకు? ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యి పూస కట్టదెందుకు?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: గడ్డకట్టేటప్పుడు చాలా పదార్థాల్లో కణాలు ఇంకా దగ్గరికి చేరతాయి. నెయ్యి అలాంటిదే. పేరుకున్న నేతి డబ్బా మూత తీస్తే మధ్యలో గుంట కనిపిస్తుంది. అంచులు ముందు గట్టిపడి, చివర మిగిలిన ద్రవం కుంచించుకోవడం వల్ల వచ్చిన గుంట అది. నీళ్లది వేరే దారి. మంచుగా మారేటప్పుడు నీటి అణువులు మధ్యలో ఖాళీ వదిలి ఆరేసి అణువుల వలయాలుగా వరసకడతాయి. లీటరు నీళ్లు దాదాపు 1,090 మి.లీ. మంచవుతాయి. సీసాలో పదో వంతు పైన ఖాళీ వదలండి, గాజుసీసా అసలు పెట్టకండి.

పూస కట్టాలంటే కణాలకు వ్యవధి కావాలి. నెమ్మదిగా చల్లారితే కొద్ది స్ఫటికాలే పుట్టి, ఒక్కొక్కటీ పెద్దగా పెరుగుతుంది. ఫ్రిజ్‌లో ఒక్కసారిగా చల్లబడితే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు ఒకేసారి పుట్టి నెయ్యి నున్నగా వెన్నలా ఉంటుంది. కాచి వడకట్టిన నేతిని గదిలోనే, పలచటి గుడ్డ కప్పి, కలపకుండా, కదపకుండా రాత్రంతా వదిలేయండి. ఇప్పటికే ఫ్రిజ్‌లో గట్టిపడిన నేతిని పూర్తిగా కరిగించి, ఇలాగే మళ్లీ చల్లారనిస్తే పూస కడుతుంది.